చెట్టు అడ్డం

దీపాలు పెట్టే వేళయిందంటే ఉమామహేష్ జేబులో ఫోను మోగడం మొదలవుతుంది. చేసిందెవరో చూడక్కర్లేదు, ఏమడుగుతారో వినక్కర్లేదు. ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ బొమ్మ మధ్యలో ఆగిపోయి, దాని మీద ఒక చక్రం తిరుగుతూ ఉంటుంది. పగలంతా పరుగులు తీసే నెట్టు పొద్దు గూకేసరికి కుంటడం మొదలెడుతుంది. జనం తిని పడుకున్నాక మళ్ళీ లేచి పరుగెడుతుంది. అప్పుడు దానితో ఎవరికి పని?

ఆ ఫోన్లన్నిటికీ ఉమామహేష్ దగ్గర ఒక్కటే జవాబు.

"సెట్టు అడ్డమొత్తంది మావా. సముద్రం గాలికి ఆకులు ఊగుతున్నాయి గదా, సిగ్నల్ తెగిపోతంది."

ఈ జవాబు అతను కనిపెట్టింది కాదు. కాశీబుగ్గలో నెట్టు ఆఫీసు నడిపే నీలకంఠం నేర్పింది. అక్కణ్ణుంచి సిగ్నలు గాలిలో వచ్చి ఇసకలపేట మంచినీళ్ళ టాంకు మీదున్న పెట్టెకి తగులుతుంది. ఆ పెట్టె దాన్ని ఇళ్ళ మీద గొట్టాలకి బిగించిన చిన్న చిన్న డిష్షులకి పంచుతుంది. మొదట్లో నాలుగు వీధుల్లో ఓ వీధికి సరిపోతుందని తెచ్చిన లైను అది. అడిగినవాడికల్లా డిష్షు బిగించుకుంటూ పోయాడు నీలకంఠం. ఇప్పుడు ఊరంతా దాని మీదే ఉంది. పగలు ఎవరి పనుల్లో వాళ్ళుంటారు కనక గడిచిపోతుంది. సాయంత్రం అందరూ ఇల్లు చేరి ఒకేసారి సీరియళ్ళూ క్రికెట్టూ పెడితే, బిందెడు నీళ్ళతో పెళ్ళివారందరికీ స్నానాలు చేయించినట్టే ఉంటుంది. పెద్ద లైను తీసుకోమని ఉమామహేష్ చెబుతూనే ఉన్నాడు, నీలకంఠం వచ్చే నెలకి జరుపుతూనే ఉన్నాడు.

అబద్ధం చెప్పినా అతికినట్టుండాలంటారు. ఇది బాగా అతికింది. సముద్రం గాలి లేచేది సాయంత్రమే, నెట్టు పడకేసేదీ సాయంత్రమే. ఊరి చుట్టూ కొబ్బరిచెట్లే. చెట్టు ఎదురు చెప్పదు కదా.

అక్కుపల్లి దాటాక సముద్రాన్ని ఆనుకుని ఉండే ఈ ఇసకలపేటే ఉమామహేష్ సొంత ఊరు. పడుచువాళ్ళందరూ వీరావల్ వెళ్ళి గుజరాతీ సేట్ల బోట్ల మీద వేటకి కుదిరారు. తెప్ప ఎక్కితే చాలు కడుపులో తిప్పే ఉమామహేష్ ఒడ్డున మిగిలిపోయాడు. గంగపుత్రుడికి వాంతులేమిట్రా అని ఊరు ఊరంతా నవ్వింది. నీలకంఠం ఈ పని ఇచ్చాకే ఆ నవ్వు ఆగింది. ఇది పోతే వాంతి చేసుకుంటూనైనా వీరావల్ రైలెక్కాలి. అంచేత నేర్పిన ముక్క తప్పకుండా అప్పజెప్పేవాడు. దానివల్ల ఎవరికీ నష్టం లేదనే అనుకునేవాడు.

*

ఆ జవాబుని అందరికంటే శ్రద్ధగా విన్నవాడు చిన్నారావు. రెండు బోట్ల ఆసామి, వీధికి పెద్ద. క్రికెట్ మాచ్ చివరి ఓవర్లో బొమ్మ ఆగిపోవడం అతనికి ఒకసారి కాదు, వరసగా జరిగింది. అతను ఊరుకునే రకం కాదు. ఓ పొద్దున్న డాబా ఎక్కి, డిష్షు పక్కన చతికిలబడి, ఒక కన్ను మూసి టాంకు కేసి చూశాడు. టాంకుకీ తనకీ మధ్య దాలమ్మ పెరట్లో కొబ్బరిచెట్టు తల ఊపుతూ కనిపించింది. పక్క డాబా ఎక్కి చూశాడు. అక్కణ్ణుంచీ అదే చెట్టు. దొంగ దొరికినంత సంబరంగా కిందికి దిగాడు.

ఉమామహేష్ నీ, వీధిలో మరో నలుగుర్నీ వెంటేసుకుని అతను వెళ్ళేసరికి దాలమ్మ పెరట్లో పరిచిన వలగుడ్డ మీద నెత్తళ్ళు తిరగేస్తోంది. ఎండిన చేప ఎండినట్టే ఉంచి, పచ్చిదాన్ని మాత్రం వేళ్ళతో ఎండలోకి నెడుతోంది. మర్నాడు కాశీబుగ్గ బజారుకి పట్టుకెళ్ళాల్సిన సరుకు. పెరట్లో రెండు కొబ్బరిచెట్లున్నాయి. తిత్లీ తుఫాను ఉద్దానం తోటల్ని దువ్వి పడేసినప్పుడు ఆ వీధిలో నిలబడ్డవి ఆ రెండూ, చిన్నారావు దొడ్లో ఓ నాలుగూ. దాలమ్మ వాటిని పేరు పెట్టి పిలవదు గాని, వాటితో మాట్లాడుతుందని పక్కింటి రాణి చెబుతుంది.

చిన్నారావు వచ్చిన పని చెప్పాడు. వెనకున్న నలుగురూ అవునన్నారు. దాలమ్మ చేపలు తిరగెయ్యడం ఆపలేదు.

"తిత్లీకే పడని సెట్టు, మీ సినిమాలకడ్డమని కొట్టించమంటావేటి మావా?"

"సినిమాలొక్కటేనేటి? వీరావల్ నుంచి పిల్లలు మాటాడతంటే మొకాలు కనిపించక ఎంతమంది ఏడుత్తన్నారు? నీ కొడుకు కామేశ్ మాటాడినప్పుడు నీకు కనిపించేడేటి?"

దాలమ్మ చెయ్యి ఆగింది. ఫోను కంపెనీల సిగ్నలు ఆ ఊళ్ళో మాట వరకే. మనిషి మొహం చూడాలంటే నీలకంఠం నెట్టే గతి. కామేశ్ బోటు వారాల తరబడి సముద్రంలో ఉంటుంది. ఒడ్డుకొచ్చిన రోజు సాయంత్రం చేపలు దించి, స్నానం చేసి తల్లికి చేస్తాడు. సరిగ్గా చక్రం తిరిగే వేళకే.

"పోయినసారి మాట వచ్చినప్పుడు మొకం నేదు, మొకం వచ్చినప్పుడు మాట నేదు," అంది దాలమ్మ. "సెయ్యి తెగింది, కట్టు కట్టేరు అన్నాడు. ఏ సెయ్యో సూద్దామంటే సగం నుదురు కనబడి ఆగిపోనాది. ఇన్నాళ్ళయి ఆ నుదురే కళ్ళలో ఉండిపోనాది నాకు."

ఆమె చేతులు దులుపుకుని లేచి, అందరి వెనకా నిలబడ్డ ఉమామహేష్ కేసి చూసింది.

"ఈళ్ళ మాటలొద్దు. నువ్వు సెప్పు మహేసూ. పనోడివి నువ్వు. నిజంగా ఈ సెట్టేనా అడ్డం?"

కాదనడానికి అదే సమయం. అతనికి ఆ సంగతి తెలుసు. నాలుక చివరికొచ్చింది కూడా. నలుగురూ తన మొహమే చూస్తున్నారు. ఇన్నాళ్ళూ ఫోన్లలో తన గొంతు విన్నవాళ్ళే వాళ్ళు.

"కాసింత అడ్డమే అత్తా," అన్నాడు నెత్తళ్ళ కేసి చూస్తూ.

"మరింకేటి," అంది దాలమ్మ. "ఎల్లుండి కామేశ్ బోటు ఒడ్డుకొత్తాదంట. ఆలోగా కొట్టించీండి."

బతిమాలించుకుంటుందనీ, తగువు పడుతుందనీ లెక్కలేసుకొచ్చిన చిన్నారావు, తెచ్చుకున్న మాటలన్నీ మింగి వెనక్కి తిరిగాడు. ఉమామహేష్ టాంకు నీడలోకి పోయి నీలకంఠానికి ఫోను చేశాడు.

"బావూ, మన మాట పట్టుకుని ఆ ముసలోళ్ళు ఏకంగా సెట్టు కొట్టేత్తన్నారు. పెద్ద లైను ఏసీండి బావూ. మీకు దణ్ణం పెడతాను."

నీలకంఠం నవ్వాడు. "కొట్టుకోనీరా. మనదేటి పోయింది? కొట్టినాక రెండ్రోజులు వాళ్ళంతట వాళ్ళే బాగుందనుకుంటారు. నువ్వు నోరు జారకు. టెక్కలి వైపు కొత్తగా ఏత్తన్నాం, అక్కడ నిన్నే పెద్దగా పెడదామనుకుంటన్నాను."

ఉమామహేష్ ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు. అయినా టెక్కలి మాట ఒకటికి రెండుసార్లు గుర్తుచేసుకున్నాడు. మనిషి బుద్ధి అలాంటిది.

*

కోత మిషను మనిషి పలాస నుంచి వచ్చాడు. దాలమ్మ చెట్టు మొదట్లో చెంబుడు నీళ్ళు పోసి, పసుపు రాసి, బొట్టు పెట్టింది. కాసేపు మాను మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. ఏమన్నదో ఎవరికీ వినబడలేదు. తర్వాత కొంగు బిగించి పక్కకి తప్పుకుని, "కానీండి" అంది.

తాడు కట్టడానికి పైకెక్కినవాడు ముందు గెలలు దించాడు, తర్వాత మట్టలు నరికాడు. బోడి మాను ఆకాశంలో వింతగా కనిపించింది. మిషను అరిచింది. చెట్టు సముద్రం వైపు ఒరిగి, లాగిన చోటే, ఇసకలో ధబ్బున పడింది. పక్కింట్లో రాణి చంటిపిల్ల భవ్యశ్రీ ఉలిక్కిపడి ఏడ్చింది.

కొబ్బరిచెట్టు కూలితే తల భాగంలోని మొవ్వు తీసి పదిమందికీ పంచాలి. తెల్లగా, మెత్తగా, తియ్యగా ఉంటుంది. తిత్లీ అప్పుడు ఉద్దానమంతా అదే తిన్నారు, తిని తిని మొహం మొత్తింది. తర్వాత మళ్ళీ నోరు చూడలేదు. దాలమ్మ కత్తిపీట ముందేసుకుని మొవ్వుని ముక్కలు కోసింది. పిల్లలు ఎగబడ్డారు. ఉమామహేష్ తప్పుకుపోతుంటే కేకేసి మరీ పిలిచి, పెద్ద ముక్క చేతిలో పెట్టింది.

"తిను అల్లుడా. నువ్వు సెప్పబట్టే గదా నా కొడుకుని సూత్తాను."

అతను నోట్లో పెట్టుకున్నాడు. తియ్యగానే ఉంది. గోడ వారకి వెళ్ళి ఉమ్మేశాడు. ఆ ఉమ్మిన ముక్కని కాకి ఎత్తుకుపోయేదాకా అక్కడే నిలబడ్డాడు.

*

మర్నాడు సాయంత్రం ఎన్నడూ లేనంత హడావుడి. చెట్టు పోయింది కదా, ఎంత బాగుపడిందో చూద్దామని ఊరు ఊరంతా దీపాలు పెట్టకముందే ఫోన్లు, టీవీలు తెరుచుక్కూర్చుంది. రోజూ వాడని వాళ్ళు కూడా ఆ పూట తెరిచారు. టాంకు మీది పెట్టె ఎంతకని మోస్తుంది?

దాలమ్మ తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని, పెరట్లో కూలిన మాను మీద కూర్చుంది. ఉమామహేష్ ని దగ్గరుండమంది. పక్కింటి అరుగు మీద రాణి కూడా ఫోను గోడకి ఆనించి పెట్టి, చాప పరిచి, దాని మీద భవ్యశ్రీని వెల్లకిలా పడుకోబెట్టింది. రాణి మొగుడు వాసు కూడా వీరావల్ లోనే. కామేశ్ బోటు ఆ పూటే ఒడ్డుకొస్తే, వాసు బోటు ఆ పూటే ఐసు నింపుకుని మళ్ళీ వెళ్ళిపోతోంది. పిల్ల పుట్టాక వాసు ఇంటికి రాలేదు. పిల్ల బోర్లాపడి మూడు నాళ్ళయింది. బోర్లాపడితే బొబ్బట్లు పంచాలి. కానీ తండ్రి కళ్ళతో చూసేదాకా పంచనని రాణి పంతం పట్టింది. ఇవాళ చూస్తాడు కదా అని మధ్యాహ్నమే చేసి, గిన్నెకి గుడ్డ కట్టి ఉంచింది.

దాలమ్మ ఫోను మోగింది. పచ్చ బొత్తాం నొక్కింది. కామేశ్ చొక్కా కాలరు వచ్చింది. చక్రం వచ్చింది. చక్రం తిరిగింది. తిరుగుతూనే ఉంది.

"కామేశూ... ఒరే నాయినా... వినపడతందా?"

ఆమె ఫోను ఎత్తి పట్టుకుంది. చెట్టు ఉండిన వైపు తిప్పి పట్టుకుంది. చెట్టు లేని ఖాళీలో కూడా చక్రమే తిరిగింది. అప్పుడామె ఉమామహేష్ కేసి చూసింది. కోపంగా కాదు. డాక్టరు చెప్పిన మందు తెచ్చి వేసినా జ్వరం దిగకపోతే, తల్లి డాక్టరు కేసి ఎలా చూస్తుందో అలా చూసింది. ఆ చూపుకి ఉమామహేష్ ఒళ్ళు మండింది, తన మీద తనకే.

"ఉండత్తా, ఒక్క నిమసం," అని గోడ చాటుకి వెళ్ళాడు. తన ఫోన్లో టాంకు మీది పెట్టెని నడిపే యాప్ తెరిచాడు. ఊళ్ళో డిష్షులన్నీ వరసగా పేర్లతో ఉన్నాయి. దాలమ్మ పేరు ఒక్కటి వదిలి, మిగిలినవన్నీ ఆపేశాడు.

పెరట్లోంచి కామేశ్ గొంతు గంట కొట్టినట్టు వచ్చింది.

"అమ్మా! ఓలమ్మా, ఎంత బాగా కనిపిత్తన్నావే!"

దాలమ్మ తెర మీద కొడుకు కట్టు కట్టిన చెయ్యి చూసింది. వేళ్ళు ముడవమంది. ముడిచాడు. విప్పమంది. విప్పాడు. ఇంకోసారి ముడవమంది. ఏం తిన్నావంది, ఎందుకు నల్లబడ్డావంది. నవ్వుతూ కళ్ళు తుడుచుకుంటోంది, తుడుచుకున్న చేత్తోనే తెర కూడా తుడుస్తోంది. కామేశ్ ఉన్నట్టుండి ఆగాడు.

"అమ్మా, ఎనకాల సెట్టేదే?"

"కొట్టించీసేను నాయినా."

"ఎందుకు?"

"నువ్వు కనబడాలని."

కామేశ్ కాసేపు మాట్లాడలేదు. బొమ్మ ఆగిపోయిందేమోనని దాలమ్మ గాభరా పడింది. ఆగలేదు. వాడు కళ్ళార్పడం కూడా స్పష్టంగా కనిపించింది.

ఇంతలో రాణి పిట్టగోడ దగ్గరికొచ్చింది. "అన్నా, మాది మొత్తమే పోనాది. మా ఆయన సేత్తానన్న ఏళయినాది. బోటు కదిలిపోతాది అన్నా. ఒక్కపాలి సూడవా?"

"వత్తాది రాణీ. అయిదు నిమసాలు," అన్నాడు ఉమామహేష్.

దాలమ్మ నవ్వు వినిపిస్తూనే ఉంది. ఆమె మాట ముగిస్తే వెంటనే రాణిది ఇద్దామనుకున్నాడు. తల్లీ కొడుకుల మాటలు అయిదు నిమిషాల్లో ముగుస్తాయా? రాణి పిట్టగోడ దగ్గరే నిలబడింది. ఫోను తెర ఆరిపోయినప్పుడల్లా వేలితో తట్టి వెలిగిస్తోంది. చివరికి దాలమ్మ ఫోను గుండెకి ఆనించుకున్నాక ఉమామహేష్ అందరి డిష్షులూ తెరిచాడు. రాణి ఫోనుకి వాసు వాయిస్ మెసేజి ఒకటి వచ్చి పడింది. ఆమె దాన్ని అక్కడే నిలబడి విన్నది.

"బోటు తీసేత్తన్నారే. సేనాపాలి సేసేను, నువ్వెత్తలేదు. పిల్ల జాగర్త. ఒడ్డుకొచ్చినాక సేత్తాను."

వెనకాల ఇంజను చప్పుడు కూడా వినబడింది. చాప మీద భవ్యశ్రీ బోర్లాపడి, తల ఎత్తి, ఎవరూ తన కేసి చూడనందుకు ఏడుపు లంకించుకుంది.

*

తెల్లారేసరికి ఊళ్ళో కొత్త జ్ఞానం పుట్టింది. కోత మిషను మనిషి ఇంకా వెళ్ళలేదు. మాను ముక్కలు చెయ్యాల్సిన పని మిగిలి ఉంది. చిన్నారావు అతన్ని ఆపి, పెరట్లో రెండో చెట్టు చుట్టూ తిరిగాడు.

"దాలమ్మకి అద్దంలా వచ్చింది. మాకు మొత్తమే రానేదు. అంటే ఏటి? ఆ సెట్టు ఆవిడికడ్డం, ఈ సెట్టు మనకడ్డం."

"ఆ లెక్కన నీ దొడ్లో నాలుగూ అడ్డమే గదా మావా?" అన్నాడెవడో కుర్రాడు.

"ముందిది కానీండి. అయి తరవాత సూద్దాం," అన్నాడు చిన్నారావు గొంతు సవరించుకుని.

దాలమ్మ ఇంట్లోంచి పసుపు గిన్నె పట్టుకుని వచ్చింది. రెండో చెట్టు కూలినదానికంటే పొట్టి, కాపు మాత్రం ఎక్కువ. ఎవరూ అడక్కుండానే మొదట్లో నీళ్ళు పోసింది.

"కొట్టీండి. నా కొడుకు మొకం నాను సూసుకున్నాను. ఆ రాణి గుంట తన మొగుడి మొకం సూసుకోవద్దా? రాత్రంతా ఏడుత్తానే ఉన్నాది. సెట్టుదేటుంది, నాటుకుంటే వత్తాది."

మిషను మనిషి తాడు లాగాడు. మిషను దగ్గి ఆగింది. మళ్ళీ లాగబోతుంటే ఉమామహేష్ వెళ్ళి అతని చెయ్యి పట్టుకున్నాడు. ఎందుకు పట్టుకున్నాడో ఆ క్షణంలో అతనికే తెలీదు. చెట్టు కోసం కాదు. ఇంకోసారి ఆ మొవ్వు ముక్క తన చేతిలో పెడుతుందన్న భయం అది.

"సెట్టు అడ్డం కాదు," అన్నాడు. "ఇదీ కాదు, అదీ కాదు. ఎప్పుడూ ఏ సెట్టూ అడ్డం కాదు."

అంతా చెప్పాడు. ఓ వీధికి సరిపోయే లైను ఊరందరికీ పంచిన సంగతి, నీలకంఠం నేర్పిన ముక్క, తను అప్పజెప్పిన ముక్క, అన్నీ చెప్పాడు. మధ్యలో ఒకరిద్దరు తిట్టారు. ఆపకుండా చెప్పాడు. చిన్నారావు ముందు ఉమామహేష్ ని, తర్వాత కూలిన మానుని, ఆ తర్వాత తన కాళ్ళని చూసుకున్నాడు. డాబా ఎక్కి ఒక కన్ను మూసింది తనే మరి.

దాలమ్మ తిట్టలేదు. లెక్క తేలని మనిషిలా కళ్ళు చిట్లించింది.

"మరి రాత్రి నా కొడుకెలగ కనిపించేడు?"

"మిగతా అందరిదీ ఆపీసేను అత్తా. నీదొక్కటే ఉంచేను."

"అందరిదీ అంటే? రాణిది కూడానా?"

ఉమామహేష్ చూపు పక్కింటి వైపు పోయింది. పిట్టగోడకి అవతల రాణి పిల్లని భుజాన వేసుకుని నిలబడి ఉంది. అంతా విన్నది. ఏమీ అనకుండా లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

దాలమ్మ పసుపు గిన్నె కింద పెట్టింది. "సెట్టు పోనాదని నాకు బాధ నేదురా. నా కొడుకు కోసం నానే కొట్టించుకున్నాను. ఆ గుంట నోటికాడి కూడు లాక్కొచ్చి నాకు పెట్టేవు సూడు, అది అరగదు నాకు. నాకు తెలీకుండా తినిపించేవురా."

ఇన్ని తిట్లు తిన్నా చెమర్చని ఉమామహేష్ కళ్ళు ఆ మాటకి చెమర్చాయి. అప్పుడే జేబులో ఫోను మోగింది. నీలకంఠం. దాలమ్మ చెయ్యి చాపి "అందరికీ వినబడేలా పెట్టు" అంది. పెట్టాడు.

"ఏటిరా, రాత్రి ఆ ఊరి నుంచి అన్నీ కంప్లెయింట్లే! సెట్టు కొట్టేరన్నావు గదా?"

"కొట్టేరు బావూ."

"ఇంకా స్లో అంటన్నారా? ఇంకో సెట్టు సూపించు. ఉద్దానంలో సెట్లకి కరువేటిరా?" నవ్వు వినిపించింది.

దాలమ్మ ఫోను అందుకుంది. దాన్ని నోటికి దగ్గరగా పెట్టుకుని, సంతలో బేరమాడే గొంతుతో అడిగింది.

"నాను దాలమ్మని బావూ. మిషను మనిషి ఇక్కడే ఉన్నాడు. పసుపు కూడా రాసి ఉంచేను. ఏ సెట్టు కొయ్యమంటావో నువ్వే సెప్పు."

నీలకంఠం నవ్వు ఆగింది. హలో అని రెండుసార్లు, ఎవరు అని ఒకసారి అన్నాడు. చిన్నారావు ముందుకొచ్చి, సాయంత్రంలోగా డిష్షులన్నీ పీకి కాశీబుగ్గ ఆఫీసు గుమ్మంలో పోస్తాం, లేదంటే పెద్ద లైనుతో నువ్వే రా అన్నాడు. ఫోను కట్టయింది. ఉమామహేష్ దాన్ని జేబులో పెట్టుకున్నాడు. టెక్కలి పోయిందని తెలుసు, ఇసకలపేట కూడా పోయిందని తెలుసు. వీరావల్ రైలు పలాసలో ఏ పూట ఆగుతుందో కూడా తెలుసు.

జనం కదిలారు. మిషను మనిషి మాను ముక్కలు చెయ్యడం మొదలెట్టాడు. ఉమామహేష్ కూడా వెళ్ళబోతే దాలమ్మ గునపం తెచ్చి అతని ముందు పడేసింది.

"ఎక్కడికి? నారుమొక్క ఉన్నాది దొడ్లో. గొయ్యి తవ్వు."

"ఎక్కడ తవ్వమంటావు అత్తా?"

"ఉన్నకాడే."

మోడు పక్కనే తవ్వాడు. పైన ఇసకే గాని, కొంచెం లోపలికి వెళితే వేళ్ళు. ఒకదాన్లో ఒకటి అల్లుకుని, తుఫానుకి చెట్టుని పట్టుకున్న వేళ్ళు అవి. గునపం దిగదు. చేత్తో లాగి, కత్తితో కోసి, మళ్ళీ తవ్వాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. దాలమ్మ నెత్తళ్ళు తిరగేస్తూ మధ్యమధ్య చూస్తోంది గాని చాలనడం లేదు.

పొద్దెక్కాక పక్కింటి తలుపు తీశారు. రాణి చంకలో పిల్లతో, చేతిలో గిన్నెతో వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి, తల మాత్రం నున్నగా దువ్వుకుంది. గిన్నెకి కట్టిన గుడ్డ విప్పింది.

"నిన్నటియి అత్తా. ఉంచితే పాడైపోతాయి. ఆయన సూసినా సూడకపోయినా పిల్ల బోర్లాపడక ఆగదు గదా."

దాలమ్మ బొబ్బట్టు అందుకుని, చీర కొంగున చెయ్యి తుడుచుకుని పిల్ల తల నిమిరింది. రాణి మిషను మనిషికి పెట్టింది. తలుపు చప్పుడు విని వచ్చిన పిల్లలకి పెట్టింది. సంగతేమిటో కనుక్కుందామని మళ్ళీ వచ్చిన చిన్నారావుకి కూడా పెట్టింది. తర్వాత గొయ్యి దగ్గరికొచ్చి నిలబడింది.

ఉమామహేష్ గునపం పక్కన పెట్టి, మట్టి చేతులు చొక్కాకి తుడుచుకుని చాపాడు.

రాణి గిన్నె మీద గుడ్డ మళ్ళీ కప్పింది.

"నీదిప్పుడు కాదన్నా," అంది. కోపం లేదు ఆ గొంతులో. "ఆయన బోటు ఒడ్డుకొచ్చి, పిల్లని సూసినాక. అప్పుడు మళ్ళీ సేత్తాను. వచ్చి పట్టుకెల్లు."

ఉమామహేష్ చాపిన చేతులు వెనక్కి తీసుకుని, గునపం అందుకుని, మిగిలిన వేళ్ళు తవ్వడం మొదలెట్టాడు.